నోటీసు వచ్చింది, 14 రోజుల గడువు ఉంది: కిచెన్‌లో ముందు ఏది సరిచేయాలి?

తెనాలి_మెస్:
అందరికీ నమస్కారం. నాన్నగారి రోజుల నుంచి నడుస్తున్న మెస్, ఇప్పుడు 60 సీట్ల ఫ్యామిలీ రెస్టారెంట్ అయింది. పోయిన శనివారం సరిగ్గా లంచ్ రష్‌లో ఫుడ్ సేఫ్టీ వాళ్లు వచ్చారు. కిచెనంతా తిరిగారు, ఫొటోలు తీసుకున్నారు, ఫుడ్ సేఫ్టీ చట్టం సెక్షన్ 32 కింద ఇంప్రూవ్‌మెంట్ నోటీసు (తప్పులు సరిచేసుకోమనే నోటీసు) ఇచ్చారు.

అందులో రాసినవి: ఫ్రిజ్ పై అరలో పచ్చి చికెన్, దాని కింద పెరుగు, కోసిన ఉల్లిపాయలు. డబ్బాల మీద తేదీలు లేవు. వర్కర్ల మెడికల్ సర్టిఫికెట్లు లేవు. నీళ్ల రిపోర్టు లేదు. పెస్ట్ కంట్రోల్ చేయిస్తున్నాం గానీ బిల్లులు దాచలేదు. ట్రైనింగ్ అయిన సూపర్‌వైజర్ లేడు. స్టోర్ రూమ్‌లో ఫుడ్ కలర్ ప్యాకెట్ దొరికింది, చికెన్ 65 శాంపిల్ కూడా తీసుకెళ్లారు.

సరిచేయడానికి 14 రోజులు ఇచ్చారు. ఒక కన్సల్టెంట్ వచ్చి 45 వేలిస్తే ఆరు నెలల ఫైళ్లన్నీ రెడీ చేసిపెడతానంటున్నాడు. ఫ్రిజ్ టెంపరేచర్ లాగులు, క్లీనింగ్ చెక్‌లిస్టులు, అన్నీ పాత తేదీలతో. ఇవ్వాలా వద్దా? ఉన్న టైంలో ముందు ఏది చేయాలి?

రోజూ_బయటే_తిండి:
పచ్చి చికెన్ కింద పెరుగా! అన్నా, దయచేసి మెస్ పేరు మాత్రం చెప్పకండి. మా అత్తగారిది తెనాలే. అక్కడికెళ్లినప్పుడు ప్రశాంతంగా తినాలి నేను.

ఆడిటర్_పద్మజ:
నేను హోటళ్లకు, క్లౌడ్ కిచెన్లకు థర్డ్ పార్టీ ఆడిట్లు చేస్తాను. ముందు ఆ కన్సల్టెంట్ సంగతి. పైసా ఇవ్వకండి.

పాత తేదీల ఫైలు పట్టుకోవడం చాలా తేలిక. ఫ్రిజ్ లాగ్ తెరిస్తే నెలంతా 4, 4, 4, 4. ఒకే పెన్ను, ఒకే చేతిరాత, అక్షరాల వాలు కూడా ఒకటే. మే నెల మధ్యాహ్నం రెండింటికి, నిమిషానికోసారి తలుపు తీసే ఫ్రిజ్ 4 దగ్గర కదలకుండా కూర్చోదు. అలాంటి లాగ్ కనిపిస్తే నేను అటెండెన్స్ రిజిస్టర్ అడిగి పక్కన పెట్టుకుంటాను. లాగ్‌లో సంతకం పెట్టిన మనిషి ఆ రోజు సెలవులో ఉంటాడు! పైగా మీ నోటీసులోనే రికార్డులు లేవని రాసి ఉంది. వారం తిరక్కుండా ఆరు నెలల రికార్డులు పుట్టుకొస్తే ఆఫీసర్ ఏమనుకుంటారు? ఈ రోజు నుంచి నిజంగా రాసిన పది రోజుల లాగ్, అందులో ఒక పూట 9 డిగ్రీలు అని, పక్కన "తలుపు రబ్బరు (గాస్కెట్) మార్చాం" అని ఉంటే దానికే విలువ ఎక్కువ.

ఇక ఏది ముందు అంటే, ఖర్చు లేనివన్నీ ఈ రాత్రికే చేసేయండి. వండినవి, పెరుగు, చట్నీలు, కోసిన కూరగాయలు పై అరల్లోకి. పచ్చి మాంసం అన్నిటికంటే కింద, లోతైన ట్రేలో, మూతతో. చికెన్ నీళ్లు ఒక్క చుక్క పెరుగులో పడితే చాలు. చికెన్ మళ్లీ మంట ఎక్కుతుంది కాబట్టి అందులో ఉన్న సూక్ష్మజీవులు చస్తాయి, పెరుగు నేరుగా ప్లేటులోకి వెళ్తుంది. నాన్‌వెజ్‌కి ఇంకో ఫ్రిజ్ పెట్టుకోగలిగితే మరీ మంచిది. తేదీలకు లేబుల్ మెషీన్ అక్కర్లేదు. మాస్కింగ్ టేపు, మార్కర్ చాలు. ఏం వస్తువు, ఎప్పుడు చేశారు, ఎప్పుడు పారేయాలి, ఈ మూడు రాయండి.

రేపు పొద్దున్నే నీళ్ల శాంపిల్ ల్యాబ్‌కి పంపండి. రిపోర్టు రావడానికి రోజులు పడుతుంది కాబట్టి అది ఆలస్యం చేయకూడదు. ఎన్‌ఏబీఎల్ (ల్యాబ్‌లకు గుర్తింపు ఇచ్చే జాతీయ బోర్డు) గుర్తింపు ఉన్న ల్యాబ్ చూసుకుని, ఐఎస్ 10500 ప్రకారం తాగునీటి పరీక్ష అని చెప్పండి. ఆ రిపోర్టు ఆరు నెలలకోసారి చేయించాలి. అదే రోజు వర్కర్లను బ్యాచులుగా డాక్టర్ దగ్గరికి పంపండి. మెడికల్ ఫిట్‌నెస్ ఏడాదికోసారి, టైఫాయిడ్ టీకాతో సహా. పెస్ట్ కంట్రోల్ అతనికి ఫోన్ చేసి పాత ఇన్‌వాయిస్‌ల కాపీలు అడగండి. అవి నిజంగా జరిగిన పనులే కాబట్టి అడగడంలో తప్పు లేదు.

సూపర్‌వైజర్ అంటే ఫోస్టాక్, అంటే కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ వాళ్ల ట్రైనింగ్ అయిన మనిషి. 25 మంది వర్కర్లకు ఒకరు చొప్పున ఉండాలి, మీకు ఒకరు సరిపోతారేమో చూసుకోండి. ఒక పూట, మహా అయితే ఒక రోజు పని. తెలుగులో చెప్పే ట్రైనర్ కావాలని అడగండి. మేనేజర్‌ని కాకుండా రోజూ కిచెన్‌లో నిలబడే మనిషిని పంపండి.

14 రోజుల్లో పని పూర్తి కాకపోతే లైసెన్సు సస్పెండ్ చేయొచ్చు, ఆ తర్వాత కూడా సరిచేయకపోతే రద్దు దాకా వెళ్తుంది. కాబట్టి గడువు లోపలే ఫొటోలతో రాతపూర్వకంగా జవాబు ఇవ్వండి. ఇంకా మిగిలింది ఏదైనా ఉంటే ఎప్పటికి అవుతుందో కూడా అందులో రాయండి.

తెనాలి_మెస్:
పద్మజ గారూ, చాలా థాంక్సండీ. ఫ్రిజ్ రాత్రే సర్దించాను. మా వాళ్లు 18 మంది, మరి ఒకరు చాలు. కలర్ విషయంలోనే టెన్షన్‌గా ఉంది. చికెన్ 65 ఎర్రగా లేకపోతే మా దగ్గర ప్లేటు వెనక్కొస్తుంది. శాంపిల్ ఫెయిలైతే ఏమవుతుంది?

పాత_ఇన్‌స్పెక్టర్:
నేను 1954 నాటి పాత కల్తీ నిరోధక చట్టం కింద ఉద్యోగంలో చేరి, కొత్త చట్టం కింద రిటైరయ్యాను. ఇప్పటికీ జనం ఫుడ్ ఇన్‌స్పెక్టర్ అనే అంటారు, అసలు హోదా ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్. కొత్తది అంటే 2006 ఫుడ్ సేఫ్టీ అండ్ స్టాండర్డ్స్ చట్టం, 2011 ఆగస్టు 5 నుంచి అమల్లో ఉంది.

బాబూ, శాంపిల్ తీసినప్పుడు దాన్ని నాలుగు భాగాలు చేసి సీలు వేస్తారు. ఒకటి ల్యాబ్‌లో పరీక్షించే ఫుడ్ అనలిస్టుకు, రెండు డెజిగ్నేటెడ్ ఆఫీసర్ (ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్‌కి పై అధికారి) దగ్గరికి. నాలుగోది మీరు అడిగితే గుర్తింపు పొందిన ల్యాబ్‌కి పంపుతారు, ఖర్చు మీది. ఈ నాలుగో భాగం సంగతి నూటికి తొంభై మంది యజమానులకు తెలియదు, ఆ కంగారులో అడగరు. అనలిస్టు 14 రోజుల్లో రిపోర్టు ఇవ్వాలి. రిపోర్టు మీకు వ్యతిరేకంగా వస్తే, చేతికందిన 30 రోజుల్లోపు డెజిగ్నేటెడ్ ఆఫీసర్‌కి అప్పీలు పెట్టుకుంటే మళ్లీ పరీక్షకు పై స్థాయి రెఫరల్ ల్యాబ్‌కి పంపమని కోరవచ్చు.

ఇక రంగు. సింథటిక్ రంగులు కొన్ని ఆహారాలకే అనుమతి, అదీ పరిమితిలోనే. చికెన్ 65, బిర్యానీ ఆ జాబితాలో లేవు. "కొంచెమే వేశాం సార్" అంటారు అందరూ. లేని అనుమతికి కొంచెం, ఎక్కువ అని ఉండదు. నాసిరకం అనో, లేబుల్ తప్పనో రిపోర్టు వస్తే జాయింట్ కలెక్టర్ స్థాయి అధికారి విచారించి జరిమానా వేస్తారు. అన్‌సేఫ్ అని వస్తే మాత్రం కోర్టు కేసు. అనుమతి లేని రంగు దొరికితే అన్‌సేఫ్ అని రాసే అవకాశమే ఎక్కువ. రిపోర్టు వచ్చేదాకా ఆగకుండా ఒక అడ్వకేట్‌ని చూసిపెట్టుకోండి. ప్యాకెట్ మాత్రం ఈ రోజే బయటికి పోవాలి. ఇంకోసారి వచ్చినప్పుడు కూడా అది షెల్ఫ్‌లో కనిపిస్తే మీ మాట ఎవరూ వినరు.

వైజాగ్_వంటోడు:
స్టార్ హోటల్లో చేసి, ఇప్పుడు బీచ్ రోడ్డులో సొంత కిచెన్ నడుపుతున్నా. తెనాలి అన్నా, ఎరుపుకు బ్యాడిగి మిర్చి ఉంది కదా. గింజలు దులిపేసి, వేడి నీళ్లలో అరగంట నానబెట్టి, మెత్తగా రుబ్బి వడగట్టు. ఆ ముద్దను కొంచెం నూనెలో పచ్చివాసన పోయేదాకా తిప్పి చల్లార్చి, మారినేషన్‌లో కలుపు. కారం తక్కువ, రంగు ఎక్కువ. కార్న్‌ఫ్లోర్ తగ్గించు, అది ఎక్కువైతే రంగు చప్పబడిపోతుంది. ఆరంజ్ లైటులా మెరవదు గానీ తినేవాడికి నోరూరే ఎరుపే వస్తుంది. మొదటి వారం ఇద్దరు ముగ్గురు అడుగుతారు, "కలర్ వేయడం మానేశామండీ" అని సప్లయర్ గట్టిగా చెప్పాలి. పక్క టేబుల్ వాళ్లకు కూడా వినపడుతుంది, అదే పబ్లిసిటీ.

నోటీసులో లేనిది ఒకటి చెప్తా, నా లెక్కలో అదే పెద్దది. రాత్రి మిగిలిన గ్రేవీ ఏం చేస్తున్నారు?

తెనాలి_మెస్:
దేక్షాలోనే ఉంచి మూతపెడతాం అన్నా. చల్లారాక తెల్లారి క్లీనింగ్ కుర్రాడు ఫ్రిజ్‌లో పెడతాడు. పొద్దున మళ్లీ బాగా మరిగిస్తాం.

వైజాగ్_వంటోడు:
అనుకున్నా. రేపు తెల్లారి నువ్వే వెళ్లి చూడు. 20 లీటర్ల దేక్షాలో పైన వేలు పెడితే చల్లగా ఉంటుంది. గరిటె అడుగుదాకా దింపి తీస్తే ఇంకా గోరువెచ్చగా ఉంటుంది. అంటే రాత్రంతా ఆ మధ్య భాగం సూక్ష్మజీవులకు హాయిగా ఉండే వేడిలోనే ఉంది. వండిన వేడికి కొన్ని సూక్ష్మజీవుల బీజాలు చావవు. చల్లారే లోపల మేల్కొని పెరుగుతాయి. అన్నంలో పెరిగే బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా వదిలే ఒక విషం మళ్లీ మరిగించినా పోదు. రాత్రి మిగిలిన అన్నంతో మర్నాడు ఫ్రైడ్ రైస్ చేసి వాంతులు తెప్పించిన కిచెన్లకు లెక్కలేదు. "బాగా మరిగించాం కదా" అనేది అన్నిటికీ పనికొచ్చే మందు కాదు.

చేయాల్సింది: గ్రేవీని రెండు అంగుళాల లోతు స్టీలు ట్రేల్లో పోసి, సింకులో ఐసు నీళ్లు పెట్టి అందులో ఉంచి కలుపుతూ ఉండు. ఫ్యాన్ కింద పెట్టినా సగం పని అవుతుంది. 60 డిగ్రీల నుంచి 21కి రెండు గంటల్లో, అక్కడి నుంచి 5కి ఇంకో రెండు గంటల్లో రావాలి. వేడి దేక్షాను నేరుగా ఫ్రిజ్‌లో తోసేయకు, దాని వేడికి పక్కనున్న పాలు, పనీరు కూడా పాడవుతాయి. అన్నిటికంటే మంచిది రాత్రి తొమ్మిది దాటాక చిన్న బ్యాచ్‌లు వండటం. మిగలకపోతే చల్లార్చే గోలే లేదు.

ఆడిటర్_పద్మజ:
చెఫ్ గారు చెప్పినదానికి పూర్తిగా ఓటేస్తాను. మళ్లీ వేడిచేసేటప్పుడు లోపలి వేడి 75 డిగ్రీలకు చేరి కనీసం 2 నిమిషాలు అక్కడ ఉండాలి. మరిగే నీళ్లు కలిపి వేడెక్కించడం, బ్యాన్ మేరీలో (గిన్నెలు పెట్టే వేడి నీళ్ల తొట్టి) పెట్టి వేడెక్కించడం లెక్కలోకి రావు. బ్యాన్ మేరీ పని వేడిని నిలబెట్టడమే. వడ్డించేదాకా వెజ్ 65, నాన్‌వెజ్ 70 డిగ్రీలు తగ్గకూడదు. చల్లటివి 5 లోపు, గడ్డకట్టినవి మైనస్ 18.

కేటరింగ్ కిచెన్ల తనిఖీ షీటు ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ సైట్‌లోనే దొరుకుతుంది. మొత్తం 114 మార్కులు. 100, ఆ పైన వస్తే ఏ ప్లస్, 91 నుంచి 99 దాకా ఏ, 75 నుంచి 90 దాకా బీ, ఆ కింద గ్రేడే లేదు. నక్షత్రం గుర్తున్న ప్రశ్నలకు నాలుగేసి మార్కులు, వాటిలో ఒక్కటి పోయినా మొత్తం ఫెయిల్ కిందకు రావచ్చు. అది ప్రింట్ తీసి, మీకు మీరే మార్కులు వేసుకోండి. మీరు వేసుకోకండి, మీ ఆవిడ చేత వేయించండి.

రోజూ_బయటే_తిండి:
చివరి లైనుకు దండం మేడమ్ 😂

నాదో డౌట్. 2024లో హైదరాబాద్‌లో టాస్క్‌ఫోర్స్ వాళ్లు వరసగా రెయిడ్లు చేసి ఎక్స్‌లో పెట్టేవాళ్లు కదా. బొద్దింకలు, ఎక్స్‌పైరీ అయిన సరుకులు, వెజ్ నాన్‌వెజ్ కలిపి పెట్టడం, పేరున్న హోటళ్లలో కూడా. అవి చదివాక నెల రోజులు ఇంట్లోనే వండుకున్నా. ఆ అక్టోబర్‌లో మోమోలు తిన్న మనిషి చనిపోయాక పచ్చి గుడ్డు మయోనైజ్‌ని తెలంగాణలో ఏడాది పాటు నిషేధించారు. నాలాంటి వాడికి ఆ పోస్టుల వల్లే ఏదన్నా తెలిసింది. మన పక్క కూడా పేర్లు పెట్టాలి కదా?

తెనాలి_మెస్:
తమ్ముడూ, నువ్వు అవతలి వైపు నుంచి చూస్తున్నావు. శాంపిల్ రిపోర్టు రాకముందే ఫొటో, పేరు ఆన్‌లైన్‌లో పెడితే ఆ హోటల్ పని అయిపోయినట్టే. తర్వాత రిపోర్టు మంచిగా వచ్చినా ఎవడు చదువుతాడు? మా దగ్గర 18 కుటుంబాలు ఉన్నాయి.

పాత_ఇన్‌స్పెక్టర్:
రెండూ వేర్వేరు విషయాలు. బొద్దింక కళ్లకు కనిపిస్తుంది, దానికి ల్యాబ్ రిపోర్టు అక్కర్లేదు. రంగు ఉందా, కల్తీ ఉందా అనేది ల్యాబ్ చెప్పాలి. మొదటిదానికి ఫొటో పెట్టడంలో నాకు అభ్యంతరం లేదు. రెండోదానికి "శాంపిల్ తీశాం" అన్న మాట దాటి ఒక్క ముక్క రాయకూడదు. కొన్ని పోస్టుల్లో ఈ రెండూ కలిసిపోయాయని నా అభిప్రాయం. ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. ఆ పోస్టుల దెబ్బకు మేం చెప్పి చెప్పి అలిసిపోయిన పనులు చాలా కిచెన్లలో రాత్రికి రాత్రే జరిగాయి.

ఎడిసన్_శ్రీధర్:
న్యూజెర్సీ నుంచి. మాకు రెస్టారెంట్ ఉంది, ఇడ్లీ దోసెల నుంచి బిర్యానీ దాకా. ఈ పేరు పెట్టడం గొడవకు పక్కనున్న న్యూయార్క్ సిటీలో ఒక మధ్యేమార్గం ఉంది. అక్కడ 2010 నుంచి అక్షరం గ్రేడు గుమ్మం దగ్గర అతికిస్తారు. తప్పులకు పాయింట్లు, ఎంత తక్కువైతే అంత మంచిది. 13 దాకా ఏ, 27 దాకా బీ, 28 నుంచి సీ. మొదటి తనిఖీలో ఏ రాకపోతే వెంటనే గ్రేడు వేయరు, మళ్లీ వస్తారు. అప్పుడు కూడా రాకపోతే వచ్చిన అక్షరం పెట్టుకోవచ్చు, లేదా విచారణ అయ్యేదాకా "గ్రేడ్ పెండింగ్" కార్డు పెట్టుకోవచ్చు. ఆ కార్డు చూసి అక్కడి జనం బీ అనే అనుకుంటారు, అది వేరే సంగతి. మా న్యూజెర్సీలో అక్షరాలు లేవు. సాటిస్‌ఫాక్టరీ, కండిషనల్లీ సాటిస్‌ఫాక్టరీ, అన్‌సాటిస్‌ఫాక్టరీ అని ప్లకార్డు గోడకు ఉంటుంది.

మాకు ఇక్కడ అసలు పేచీ దోసె పిండితో వచ్చింది. ఇన్‌స్పెక్టర్ వచ్చి కౌంటర్ కింద బకెట్‌లో పొంగుతున్న పిండిలో థర్మామీటర్ గుచ్చాడు. చల్లగా ఉంచాల్సిన ఆహారం 41 ఫారెన్‌హీట్ లోపు, అంటే మన లెక్కలో 5 డిగ్రీలు, ఉండాలి, ఇది గది వేడిలో ఉందేమిటన్నాడు. పులియకపోతే అది దోసె పిండి కాదు మహాప్రభో అని ఎంత చెప్పినా వినడు, అతని పుస్తకంలో దోసె లేదు. చివరికి తేలింది ఏమిటంటే, పిండి పులిసి ఎంత ఆమ్లంగా మారిందో ప్రతి బ్యాచ్‌కీ పీహెచ్ మీటర్‌తో కొలిచి రాయాలి, ఎక్కడ ఎంతసేపు పులియబెడతామో రాసిచ్చి ముందే ఒప్పించుకోవాలి, పులిసిన వెంటనే ఫ్రిజ్‌లోకి. మా అత్తగారు ఆ మీటర్ చూసి "వాసన చూస్తే తెలియదూ?" అన్నారు. ఆవిడకు తెలుస్తుంది, కౌంటీ వాడికి తెలియదు కదా.

చల్లార్చడం లెక్క ఇక్కడ కొంచెం వేరు. 135 నుంచి 70 ఫారెన్‌హీట్‌కి రెండు గంటలు, అక్కడి నుంచి 41కి ఇంకో నాలుగు గంటలు. మీకే గట్టి రూలు.

ఫుడ్‌టెక్_స్టూడెంట్:
సర్, మేడమ్, మా ప్రాజెక్టుకు హాసప్ (వంటలో ప్రమాదం ఎక్కడుందో ముందే గుర్తించి అదుపు చేసే పద్ధతి) మీద రాస్తున్నాను. చిన్న హోటల్‌కి హాసప్ సర్టిఫికెట్ తప్పనిసరా?

ఆడిటర్_పద్మజ:
సర్టిఫికెట్ తప్పనిసరి కాదు. అమెరికాలో అంతరిక్ష యాత్రికుల ఆహారం కోసం 1960లలో మొదలైన పద్ధతి అది, ఏడు సూత్రాలు. పుస్తకం పక్కన పెట్టి ఈ థ్రెడ్‌నే చదువమ్మా. ఎక్కడ ప్రమాదం ఉంది? గ్రేవీ చల్లారే చోట. హద్దు ఏమిటి? రెండు గంటల్లో 21. ఎవరు కొలుస్తారు, తప్పితే ఏం చేస్తారు, ఎక్కడ రాస్తారు? నీ ప్రాజెక్టుకు మొదటి అధ్యాయం వచ్చేసింది.

షార్జా_రమణ:
నేను ఉండేది షార్జాలో, పని దుబాయ్‌లో హోటల్ కిచెన్. ఇక్కడ సర్టిఫికెట్ ఉన్న పర్సన్ ఇన్ ఛార్జ్ షిఫ్టులో లేకుండా కిచెన్ నడపకూడదు. మున్సిపాలిటీ వాడు ఎప్పుడైనా వస్తాడు, ముందు చెప్పడు. రాగానే ఫైలు అడగడు. నేరుగా చేతులు కడిగే సింకు దగ్గరికెళ్లి టిష్యూ ఉందా, సబ్బు ఉందా, సింకు తడిగా ఉందా చూస్తాడు. మధ్యాహ్నం పన్నెండుకు హ్యాండ్‌వాష్ సింకు పొడిగా ఉంటే పొద్దుటి నుంచి ఎవరూ చేతులు కడగలేదనేగా! మన ఊళ్లలో ఆ సింకులో కొత్తిమీర కట్టలు, స్క్రబ్బర్లు ఉంటాయి.

రోజూ_బయటే_తిండి:
అంటే డబ్బులు పెట్టి ఫైవ్ స్టార్‌లో తింటే ఈ గోలేమీ ఉండదన్నమాట.

వైజాగ్_వంటోడు:
ఆ భ్రమ వద్దు తమ్ముడూ. స్టార్లు ఇచ్చేది కేంద్ర టూరిజం శాఖ కమిటీ. హోటల్ కావాలనుకుంటే అప్లై చేస్తుంది, చట్టంలో తప్పనిసరి కాదు. గది సైజు, బాత్రూమ్, లిఫ్టు, పార్కింగ్, సిబ్బంది ట్రైనింగ్ ఇలా చాలా చూస్తారు. కిచెన్ కూడా చూస్తారు, టైల్స్ ఉన్నాయా, తలకు టోపీ ఉందా, మాంసం కూరగాయలు వేరుగా ఉన్నాయా అని. కానీ ఆ స్టారు 5 ఏళ్లు ఉంటుంది. బఫేలో సాంబార్ వేడి గంటగంటకీ మారుతుంది. పెద్ద బ్రాండ్లకు సొంత ఆడిట్లు, గెస్టులా వచ్చి పోయే మిస్టరీ ఆడిటర్లు ఉంటారు, అందుకే పద్ధతి కొంత మెరుగు. నేను చూసినంతలో కిచెన్‌ని కాపాడేది డిష్‌వాషింగ్ ఏరియా స్టీవార్డు. వాడికి జీతం సరిగ్గా ఇచ్చి మూడేళ్లు నిలబెట్టుకున్న హోటల్లో ఆడిట్ అంటే ఎవరికీ భయం ఉండదు. ఆర్నెల్లకో కొత్త కుర్రాడు వచ్చే చోట ఎన్ని చార్టులు గోడకు అంటించినా దండగే.

హౌస్‌కీపింగ్_లక్ష్మి:
తిరుపతిలో ఒక హోటల్లో ఫ్లోర్ సూపర్‌వైజర్‌ని. అందరూ కిచెన్ గురించే మాట్లాడుతున్నారు, గదిలో గ్లాసుల సంగతి ఎవరూ అడగరు. చెకౌట్లు, చెకిన్లు ఒకేసారి పడే సీజన్‌లో అమ్మాయిలు గ్లాసుని బాత్రూమ్ వాష్‌బేసిన్‌లోనే కడిగి, చేతిలో ఉన్న గుడ్డతోనే తుడిచి పెట్టేస్తారు. ఆ గుడ్డ అంతకుముందు దేన్ని తుడిచిందో దేవుడికే తెలియాలి. వాళ్లని తిట్టి లాభం లేదు. ఒక్కొక్కళ్ల మీద అన్ని గదులు పెడితే అంతే చేస్తారు. మా దగ్గర నేను పట్టుబట్టి ట్రాలీలో కడిగిన గ్లాసుల ట్రే పెట్టించాను. వాడినవి కిచెన్ డిష్‌వాషర్‌కి వెళ్తాయి, గదిలో కడగడమే లేదు. టాయిలెట్‌కి ఎర్ర గుడ్డ, అద్దానికి నీలం అని రంగులు విడదీశాం. నేను చెకింగ్‌కి వెళ్తే మంచం చూడను, గెస్టు చేయి పడే చోట్లు చూస్తాను. టీవీ రిమోట్, స్విచ్చులు, కెటిల్ మూత లోపల.

రోజూ_బయటే_తిండి:
కెటిల్ మూత లోపల ఏముంటుంది అక్కా?

హౌస్‌కీపింగ్_లక్ష్మి:
మ్యాగీ.

తెనాలి_మెస్:
😂 సరే, ఇంకో ప్రశ్న. నూనె గురించి నోటీసులో లేదు గానీ నోటితో అడిగారు. పునుగులు, చికెన్ వేయించిన నూనె మర్నాడు కూరల్లో వాడుతున్నారా అని.

పాత_ఇన్‌స్పెక్టర్:
వాడిన నూనెలో టోటల్ పోలార్ కాంపౌండ్స్ (నూనె మళ్లీ మళ్లీ కాగితే పుట్టే పదార్థాలు) 25 శాతం దాటితే వాడకూడదని 2018 జూలై 1 నుంచి రూలు ఉంది. కొలిచే మీటర్ ఖరీదే, మీ స్థాయికి టెస్ట్ స్ట్రిప్పులు చాలు. రోజుకు 50 లీటర్లు దాటి వేపుళ్లకు వాడే వాళ్లు రిజిస్టర్ రాయాలి, పాత నూనె బయోడీజిల్ కోసం కొనే ఏజెన్సీకి ఇవ్వాలి. మీరు 50 లోపు ఉన్నా రోడ్డు పక్క బండివాళ్లకు మాత్రం అమ్మకండి. ఆ నూనె మళ్లీ ఎవరి పొట్టలోకో వెళ్తుంది.

తినేవాళ్లకు కూడా ఒక మాట. సెక్షన్ 40 కింద కొనుక్కున్న మనిషి కూడా పదార్థాన్ని ఫుడ్ అనలిస్టు చేత పరీక్ష చేయించుకోవచ్చు. కొనేటప్పుడే హోటల్ వాళ్లకు ఆ సంగతి చెప్పాలి, ఫీజు కట్టాలి. తప్పు తేలితే ఫీజు వెనక్కి వస్తుంది. మామూలు ఫిర్యాదుకు ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ యాప్ ఉంది. బిల్లు మీద 14 అంకెల లైసెన్సు నంబరు ఉండాలి, 2022 జనవరి నుంచి అది తప్పనిసరి. బిల్లు పారేయకండి.

తెనాలి_మెస్:
అప్‌డేట్ ఇస్తున్నాను. కన్సల్టెంట్‌కి వద్దని చెప్పేశాను, ఇప్పుడు 25 వేలకు దిగాడు. మెడికల్స్ అయ్యాయి, నీళ్ల శాంపిల్ వెళ్లింది. మా కిచెన్ ఇన్‌ఛార్జ్ సుబ్బమ్మత్తను ఫోస్టాక్‌కి పంపుతున్నాం, మాస్టర్ అలిగాడు గానీ సర్దుకుంటాడు. బ్యాడిగి చికెన్ 65 నిన్న మెనూలో పెట్టాం, ఒక్క ప్లేటే వెనక్కొచ్చింది. చెప్పినట్టే గ్రేవీలో గరిటె దింపి చూశాను వైజాగ్ అన్నా, నువ్వన్నది నిజమే. ట్రేలు ఆర్డర్ పెట్టాను. ప్రోబ్ థర్మామీటర్ కూడా కొన్నాను, ఐసులో పెట్టి చూడమని యూట్యూబ్‌లో చెప్పారు, 3 డిగ్రీలు చూపిస్తోంది. పాడైనదేనా? ఇంకా, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ వాళ్ల హైజీన్ రేటింగ్‌కి ఇప్పుడే అప్లై చేయొచ్చా?

ఆడిటర్_పద్మజ:
సుబ్బమ్మత్తను పంపడం మంచి పని. రేటింగ్ ఇప్పుడే వద్దు. మళ్లీ తనిఖీ అయి నోటీసు క్లోజ్ అవనివ్వండి, శాంపిల్ రిపోర్టు కూడా రానివ్వండి, ఆ తర్వాత చూద్దాం.

థర్మామీటర్ అప్పుడే పారేయకండి. ఐసు ముక్కలు పెద్దవిగా, నీళ్లు ఎక్కువగా ఉంటే అలాగే చూపిస్తుంది. ఐసు బాగా నలగ్గొట్టి గ్లాసు నిండా పోసి, సందులు నిండేంత మాత్రమే నీళ్లు పోయండి. బాగా కలిపి, ప్రోబ్ కొన గ్లాసు అడుక్కి, పక్కలకి తగలకుండా మధ్యలో పట్టుకుని అంకె నిలబడేదాకా ఆగండి. సున్నాకి ఒక డిగ్రీ అటూ ఇటూ అయితే ఫరవాలేదు. అప్పటికీ 3 చూపిస్తే బిల్లు తీసుకెళ్లి మార్పించుకోండి.